కెఫీన్ బదులు ఏం తాగాలి: కోనసీమ కోకో నుంచి ఆన్‌లైన్ డబ్బా పొడుల దాకా

చివరిదాకా చదివాక తిట్టుకోకుండా ముందే చెప్పేస్తాను. కాఫీ ఇచ్చినంత హుషారు ఇచ్చి, కాఫీ పెట్టే గుండెదడ, వణుకు, నిద్రలేమి మాత్రం పెట్టనిది ఏదీ లేదు. ఉందని అమ్మేవాళ్లున్నారు, డబ్బాల మీద పెద్దక్షరాలతో రాసి మరీ అమ్ముతున్నారు. కెఫీన్‌కి రసాయనంలో బాగా దగ్గరగా ఉండే పదార్థాలు కొన్ని ఉన్న మాట మాత్రం నిజం. వాటిలో ఒకటి మన డెల్టాలో కొబ్బరి చెట్ల నీడన కాస్తోంది, ఇంకొకటి చాలా ఇళ్లలో తాతగారి మందుల డబ్బాలో ఉంది, మిగిలినవి ఆన్‌లైన్‌లో డాలర్ల లెక్కన దొరుకుతున్నాయి. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుంది, ఏది డబ్బు దండగ అన్నదే ఇక్కడ లెక్క.

ఎంచుకునే ముందు ఒక్కటి తేల్చుకోండి, కాఫీతో మీకున్న ఇబ్బంది ఏమిటి? రాత్రి నిద్ర పట్టకపోవడమా, గుండెదడా, గుండెల్లో మంటా, బీపీయా, లేక మానేస్తే వచ్చే తలనొప్పా? అన్నిటికీ ఒకే మందు లేదు, పైగా ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పెంచుతుంది. గుండెల్లో మంట ఉన్నవాడు దడ తగ్గించే దాన్ని తెచ్చుకుని రాత్రంతా కూర్చోవడం మామూలే.

అసలు కెఫీన్ చేసే పని

మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతూ ఉంటుంది. దానికంటూ కొన్ని సీట్లున్నాయి, వాటిలో కూర్చుంటే మనకి మత్తు, బద్ధకం. కెఫీన్ చేసేదల్లా అమలాపురం బస్టాండులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి ఆపడం లాంటిది. తువ్వాలు తాను కూర్చోదు, ఇంకొకర్ని కూర్చోనివ్వదు. అడినోసిన్ ఎక్కడికీ పోలేదు, నిలబడే ఉంది, తువ్వాలు తీయగానే అంతా ఒక్కసారి కూలబడుతుంది, కాఫీ దిగిపోయాక వచ్చే నీరసంలో పెద్ద వాటా దానిదే. రోజూ ఇలా సీట్లు ఆపుతుంటే ఒళ్లు ఊరుకోదు, అదనంగా సీట్లు వేయిస్తుంది, అందుకే ఏడాది తిరిగేసరికి ఒక గ్లాసు కాస్తా రెండవుతుంది. ఇవే సీట్లు గుండెలో, రక్తనాళాల్లో, కిడ్నీల్లో కూడా ఉన్నాయి. కాబట్టి మెదడుని మాత్రం లేపి గుండెని ముట్టుకోనిది కావాలంటే కుదరడం కష్టం.

రసాయనం సంగతి రెండు ముక్కల్లో. జాంథిన్ అనే ఒక చట్రం, దాని మీద మిథైల్ గుంపులు. మూడుంటే కెఫీన్. రెండే ఉంటే, అవి ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి థియోబ్రొమిన్, థియోఫిలిన్, పారాజాంథిన్. తమాషా ఏమిటంటే మనం తాగిన కెఫీన్‌లో నూటికి 84 పాళ్లు పారాజాంథిన్‌గా, 12 పాళ్లు థియోబ్రొమిన్‌గా, 4 పాళ్లు థియోఫిలిన్‌గా మన లివరే మార్చేస్తుంది. అంటే కాఫీ తాగే ప్రతి ఒక్కరి ఒంట్లో ఈ మూడూ రోజూ తిరుగుతూనే ఉన్నాయి, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికి మామూలుగా 5 గంటలు పడుతుంది, కానీ మనిషిని బట్టి 3 నుంచి 7 దాకా మారుతుంది. గర్భిణికి చివరి నెలల్లో 15 గంటల దాకా పోతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి రెట్టింపు. పొగ తాగేవాళ్లకి సగమే, ఎందుకంటే పొగలోని పదార్థాలు లివర్‌లో కెఫీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఎక్కువ చేస్తాయి. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. అందుకే ఖైనీ నమిలేవాళ్లకి ఈ లెక్క వర్తించదు. మన లంకల్లో ఏళ్ల తరబడి చుట్ట కాల్చిన పెద్దాయన డాక్టరు మాట విని చుట్ట మానేశాడనుకోండి, ఎప్పటిలాగే తాగే రెండు గ్లాసుల కాఫీ ఆ వారం నుంచి దాదాపు నాలుగు గ్లాసుల పని చేస్తుంది. దడ, చిరాకు, నిద్ర లేదు. ఇంట్లోవాళ్లు చుట్ట మానడం పడలేదంటారు, ఆయన కూడా అదే నమ్మి మళ్లీ వెలిగిస్తాడు. చుట్ట మానిన రోజే కాఫీ సగం చేస్తే సరిపోయేది. జ్వరానికో, యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కో సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకునే రోజుల్లోనూ ఇదే కథ, ఆ మందు ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. కాబట్టి బదులు వెతికే ముందు ఇలాంటి కారణం ఏదైనా ఉందేమో చూసుకోండి, చాలామందికి బదులు అక్కర్లేదు, కొలత మారిస్తే చాలు.

కోకో: మన తోటలోది, అందుకని కొంచెం ఎక్కువే రాస్తాను

దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం మనదే, అందులోనూ గోదావరి జిల్లాలే ముందు. కోనసీమలో కొబ్బరి కింద, మెట్టకి వెళ్తే కొబ్బరితో పాటు ఆయిల్ పామ్ కింద కూడా వేస్తారు. ఇంతా పండించి మనవాళ్లు కోకో తాగరు, గింజ ఎండబెట్టి కంపెనీకి తోలేసి వచ్చిన డబ్బులతో కాఫీ పొడి కొనుక్కుంటారు. 2024లో రేటు ఆకాశానికి ఎక్కి తర్వాత ఏడాది దిగినప్పుడు పడిన టెన్షన్ రైతులకి తెలుసు. ఆ గింజలో ఉన్న థియోబ్రొమిన్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

థియోబ్రొమిన్ 1841లో కోకో గింజల్లోనే దొరికింది. కెఫీన్ కన్నా ఒక మిథైల్ గుంపు తక్కువ. ఆ ఒక్క తేడాతో అది అడినోసిన్ సీట్లని సరిగ్గా ఆపలేదు, మెదడులోకి వెళ్లడం కూడా తక్కువే. అందుకే దాంతో వచ్చే హుషారు చాలా మెత్తగా ఉంటుంది, కొందరికి తెలియనే తెలియదు. రక్తనాళాలని కాస్త వదులు చేస్తుంది, మూత్రం కాస్త ఎక్కువ వెళ్తుంది. ఒంట్లో సగం పోవడానికి 7 నుంచి 12 గంటలు పడుతుంది కాబట్టి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, కాఫీలా ఒక్కసారి కింద పడేయదు.

లెక్క చూద్దాం. పంచదార కలపని కోకో పొడి 100 గ్రాముల్లో థియోబ్రొమిన్ సుమారు 2 గ్రాములు, కెఫీన్ 230 మిల్లీగ్రాములు. అంటే 5 గ్రాముల చెంచాకి థియోబ్రొమిన్ 100, కెఫీన్ 11 లేదా 12 మిల్లీగ్రాములు. ఇన్‌స్టంట్ కాఫీ 2 గ్రాముల చెంచాలో కెఫీన్ 60 దాకా ఉంటుంది. అంటే కోకో గ్లాసులో కెఫీన్ అందులో ఐదో వంతు. కెఫీన్ అస్సలు పడనివాళ్లు కోకోలో అది సున్నా అనుకోకూడదు, మిగతావాళ్లకి ఇది లెక్కలోకి రాదు.

మరి ఇది కాఫీకి బదులవుతుందా? పొద్దున్నే కళ్లు తెరవడానికయితే అవదు. మధ్యాహ్నం భోజనమయ్యాక, లేదా సాయంత్రం ఏదో ఒకటి వేడిగా, చేదుగా గొంతులో పడాలి అనిపించినప్పుడు అవుతుంది. నా దృష్టిలో కోకో అసలు చోటు అక్కడే. రోజుకి మూడు కాఫీలు తాగే మనిషి పొద్దుటిది ఉంచుకుని మిగతా రెండిటినీ కోకో చేసుకుంటే దడ, రాత్రి నిద్ర రెండూ బాగుపడే అవకాశం ఎక్కువ.

కొనేటప్పుడు మోసపోయేది ఎక్కడంటే, కోకో రుచి ఉన్న పాలల్లో కలిపే పొడులు, డ్రింకింగ్ చాక్లెట్ డబ్బాలు. వాటిలో మొదటి పేరు పంచదారో, మాల్టో ఉంటుంది, కోకో పిసరంత. డబ్బా వెనక పదార్థాల్లో కోకో పొడి ఒక్కటే ఉన్నది తీసుకోండి. ఆల్కలైజ్డ్ అని ఉంటే రంగు ముదురుగా, చేదు తక్కువగా ఉంటుంది, రక్తనాళాలకి మంచివని చెప్పే ఫ్లావనాల్స్ మాత్రం అందులో చాలావరకు పోతాయి.

తోట ఉన్నవాళ్లు అసలు కొనక్కర్లేదు. అరటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెట్టి ఎండబెట్టిన గింజే కావాలి, పులియనిది చేదు, వగరు తప్ప ఏమీ ఉండదు. మందపాటి మూకుడులో సన్నసెగ మీద తొక్క చిట్లి, వాసన మారేదాకా కదుపుతూ వేయించండి. నేల మీద ఆరిన గింజ కాబట్టి వేయించకుండా వాడొద్దు. చల్లారాక నలిపి, చేటతో చెరిగి తొక్క తీసేసి పప్పు మిక్సీలో కొట్టండి, ఆపి ఆపి కొట్టాలి, లేకపోతే నూనె వదిలి ముద్దవుతుంది. ఈ పప్పులో సగం కొవ్వే, అంచేత కంపెనీ పొడి కన్నా థియోబ్రొమిన్ పలచగా ఉంటుంది, ఒక చెంచా బదులు రెండు వేసుకుంటే దాదాపు సమానం. నీళ్లలో మరిగించి బెల్లం కోరు వేసుకుంటే బాగుంటుంది, పాలు మీ ఇష్టం. చెరిగిన తొక్కతో టీ కాచుకోవడం ఈమధ్య ఫ్యాషనయింది. అప్పుడప్పుడు ఫర్వాలేదు గానీ రోజూ వద్దు, సీసం లాంటి లోహాలు పప్పులో కన్నా తొక్కలో ఎక్కువ చేరతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి కోకో మంచి బదులు కాదు, అన్నవాహిక కింద ఉండే కవాటాన్ని ఇది వదులు చేస్తుంది, మంట పెరుగుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి పడదు. రోజుకి 50 నుంచి 100 గ్రాముల కోకో తినే స్థాయికి వెళ్తే చెమటలు, వణుకు, తీవ్రమైన తలనొప్పి వస్తాయి, అంత ఎవరూ తాగరనుకోండి, కానీ థియోబ్రొమిన్ మాత్రల రూపంలో కూడా అమ్ముతున్నారు, మాత్రలతో ఆ మోతాదుకి చేరడం సులువు. కోకో తాగితే చాలు, మాత్ర వద్దు.

ఇక కుక్కల సంగతి మర్చిపోవద్దు. వాటి ఒంట్లో థియోబ్రొమిన్ తొందరగా విరగదు, కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు దాటితేనే వాంతులు, అవస్థ మొదలవుతాయి, ఇంకా ఎక్కువైతే ఫిట్స్, ప్రాణం పోవడం కూడా. పది కిలోల కుక్కకి 200 మిల్లీగ్రాములంటే రెండు చెంచాల కోకో పొడి. గింజలు అరుగు మీద ఆరబోసే ఇళ్లలో కుక్కని కట్టేయండి. తొక్కలు గేదెల దాణాలో కలిపే ముందు కూడా పశువుల డాక్టర్ని అడగండి.

డెరిఫిల్లిన్ కాఫీకి బదులు కాదు

థియోఫిలిన్ 1888లో టీ ఆకు నుంచి తీశారు గానీ గ్లాసు టీలో ఉండేది నామమాత్రం. మనవాళ్లకి ఇది ఉబ్బసం మందుగా తెలుసు, డెరిఫిల్లిన్ మాత్రలో ఉండేది ఇదే, దానికి తోడు ఎటోఫిలిన్. ఆయాసానికి ఊపిరి గొట్టాలని వదులు చేస్తుంది. రసాయనంలో కెఫీన్‌కి దగ్గర, మెదడుని లేపడంలోనూ దగ్గరే, కానీ పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాములుంటే మందు, 20 దాటితే వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్. హుషారు కోసం దీన్ని వాడాలన్న ఆలోచనే వద్దు. దీని గురించి ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఈ మాత్ర వేసుకుంటున్న పెద్దవాళ్లు దాని మీద రెండు మూడు కాఫీలు కూడా తాగుతారు, రెండూ ఒకే పని చేసి ఒకదాని మీద ఒకటి కూడతాయి, చేతులు వణికితే వయసు అనుకుంటారు. చుట్ట, సిప్రోఫ్లాక్సాసిన్ గురించి పైన చెప్పిందంతా ఈ మందుకీ వర్తిస్తుంది, ఇంకా గట్టిగా వర్తిస్తుంది. వాళ్లకి కాఫీ తగ్గించండి, మందు మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టరుతో మాట్లాడండి.

ఆన్‌లైన్ డబ్బాలు

భీమవరం, రాజమండ్రి, కాకినాడ జిమ్‌లకి వెళ్లే కుర్రాళ్లు అడిగేవి ఇవి. పారాజాంథిన్, థియాక్రిన్, మిథైల్‌లిబెరిన్.

పారాజాంథిన్ని శుభ్రమైన కెఫీన్ అని అమ్ముతారు. వాదన ఏమిటంటే ఎలాగూ లివర్ కెఫీన్‌ని దీనిగానే మారుస్తుంది కదా, నేరుగా ఇదే వేసుకుంటే మిగతా రెండిటి గొడవ ఉండదు, తొందరగా దిగిపోతుంది అని. వినడానికి బాగుంది, కొంత నిజం కూడా. కానీ ఇది కూడా అదే సీట్ల మీద వేసే తువ్వాలే, దాదాపు కెఫీన్ అంత గట్టిగానే ఆపుతుంది, కాబట్టి దడ వచ్చేవాడికి దీంతో రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. కెఫీన్ని మనుషులు వందల ఏళ్లుగా తాగుతున్నారు, దీన్ని విడిగా వేసుకోవడం నిన్న మొన్న మొదలయింది.

థియాక్రిన్ చైనాలో యునాన్ వైపు దొరికే కూచా అనే టీ ఆకులో ఉంటుంది. కెఫీన్ కన్నా కాస్త భిన్నమైన చట్రం, నాలుగు మిథైల్ గుంపులు. దీని మీద ఆశ ఎందుకంటే, 2016లో వచ్చిన ఒక పరీక్షలో 60 మంది 8 వారాల పాటు రోజూ 300 మిల్లీగ్రాముల దాకా వేసుకున్నా బీపీ, గుండె వేగం చెప్పుకోదగ్గట్టు పెరగలేదు, అలవాటు పడి మోతాదు పెంచాల్సిన అవసరం కూడా కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్న 60 మంది, రెండు నెలలు, అంతే. షుగరు, బీపీ మందులు వేసుకునే మనిషికి ఇది ఏమీ చెప్పదు. పైగా ఒంట్లో సగం పోవడానికి 20 గంటలు అటూ ఇటూ పడుతుంది, రోజూ వేసుకుంటే నిన్నటిది పోకముందే ఇవాళ్టిది చేరుతుంది. పడకపోతే ఆ పడకపోవడం కూడా ఒక పూటతో పోదు. నిద్ర సమస్యతో కాఫీ మానాలనుకునేవాళ్లు దీని జోలికి వెళ్లడంలో అర్థం లేదు.

మిథైల్‌లిబెరిన్ దీనికి తిరగేసిన రకం, గంటన్నర లోపే సగం పోతుంది, తొందరగా ఎక్కి తొందరగా దిగుతుంది. ఒంటరిగా వేసుకుంటే పెద్ద బాధ లేకపోవచ్చు. చిక్కల్లా, డబ్బాల్లో దీన్ని ఎక్కువగా కెఫీన్‌తో కలిపే అమ్ముతారు, కలిసినప్పుడు ఇది కెఫీన్ విరగడాన్ని ఆపి, అది ఒంట్లో ఉండే సమయాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. సాయంత్రం ఆరింటికి జిమ్‌కి ముందు ఆ స్కూపు వేసుకున్నవాడు తెల్లవార్లూ ఫోన్ చూస్తూ ఉంటే ఆశ్చర్యం లేదు.

ఈ మూడిటికీ కలిపి నా సలహా ఒకటే, మీ డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి. పోటీల్లో ఆడే కుర్రాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. కెఫీన్ 2004 నుంచి డోపింగ్ నిషేధ జాబితాలో లేదు, కానీ ఈ ప్రీ-వర్కవుట్ పొడుల్లో హిజెనమిన్ లాంటి నిషేధ పదార్థాలు కూడా కలిసి వస్తుంటాయి. గ్లాసు కాఫీ తాగి ఆడితే ఏ బాధా లేదు, పేరు పలకలేని పొడి తాగి దొరికితే కెరీర్ పోతుంది.

గ్వారానా, యెర్బా మాతే, మాటీన్ అనే పేర్లు కనబడితే ఆలోచించకుండా కెఫీన్ అని చదువుకోండి. గ్వారానా గింజలో కాఫీ గింజలో కన్నా ఎక్కువ కెఫీన్ ఉంటుంది. కెఫీన్ లేదు, గ్వారానా ఉంది అని రాస్తే అది అబద్ధం. బడ్డీ కొట్లో చల్లగా దొరికే ఎనర్జీ డ్రింకులకి మన దేశంలో లీటరుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం ఉంది, పిల్లలకీ గర్భిణులకీ వద్దని సీసా మీద రాయాలని కూడా ఉంది. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి గానీ ఉంటాయి. స్కూలు వదలగానే పిల్లలు కొనేది అవే.

రసాయనం కలవకపోయినా పనికొచ్చేవి

నిజం చెప్పాలంటే చాలామందికి సరిపోయే బదులు ఈ గుంపులోనే ఉంది.

మొదటిది టీ. కాఫీ నుంచి టీకి మారితే కెఫీన్ సుమారు సగానికి పడుతుంది, గ్లాసుకి 30 నుంచి 50 మిల్లీగ్రాములు. అందులో థియానిన్ అని ఒక అమైనో ఆమ్లం కూడా ఉంది, కెఫీన్ తెచ్చే చిరాకుని కాస్త తగ్గిస్తుందంటారు. పరీక్షల్లో సాధారణంగా వాడేది 100 నుంచి 200 మిల్లీగ్రాములు, గ్లాసులో ఉండేది ఓ పదో ఇరవయ్యో, కాబట్టి థియానిన్ పుణ్యమా అని కాదు, కెఫీన్ తక్కువ కాబట్టే టీ మెత్తగా ఉంటుంది. పొద్దుట్నుంచీ పొయ్యి మీద మరుగుతున్న కొట్టు టీకి ఈ లెక్క వేయకండి. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు భోజనంతో పాటు టీ తాగొద్దు, గంట దూరం పెట్టండి, లేకపోతే ఇనుము ఒంటికి పట్టదు. కోకోకీ ఇదే జాగ్రత్త.

రెండోది చికోరీ. మనం కాఫీ పొడి ఆడించే దగ్గర ఎటూ అడుగుతారు, చికోరీ ఎంత వేయమంటారు అని. చికోరీ వేరులో కెఫీన్ లేదు. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నియమం, అంటే 49 దాకా చికోరీ వెళ్లొచ్చు. ఇప్పుడు 80కి 20 తాగేవాళ్లు 60కి 40 అడిగితే డికాక్షన్ రంగు, చిక్కదనం తగ్గవు, కెఫీన్ పావు వంతు తగ్గుతుంది. ఇంట్లో చెప్పకుండా మార్చేసినా చాలామంది కనిపెట్టలేరు. నన్నడిగితే దడ ఉన్నవాళ్లు చేయాల్సిన మొదటి పని ఇదే, ఖర్చు పెరగకపోగా తగ్గుతుంది.

డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీలో గ్లాసుకి 2 నుంచి 15 మిల్లీగ్రాములు మిగులుతుంది. నిద్రకీ దడకీ మంచిదే. గుండెల్లో మంటకి మాత్రం అంత ఉపయోగం లేదు, కడుపులో యాసిడ్ పెంచేది కెఫీన్ ఒక్కటే కాదు, కాఫీలోని మిగతావి కూడా. మంట ఉన్నవాళ్లకి అందుకే కాఫీ, డీకాఫ్, కోకో మూడూ కాకుండా ధనియాల కాఫీ, పల్చటి రాగిజావ లాంటివి చెబుతాను. శొంఠి కాఫీ కొందరికి బాగుంటుంది, కొందరికి మంటే. వీటిలో మెదడుని లేపేది ఏదీ లేదు, వేడి గ్లాసు చేతిలో ఉండటం, నలుగురితో కూర్చోవడం వీటితో కూడా జరుగుతుంది.

ఎవరికి ఏది

రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకి నేను కోకో చెప్పను. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, ఆ టైముకి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే క్షణాల్లో లేవాలి, దానికి కెఫీనే కావాలి. కాకపోతే ఒకేసారి పెద్ద గ్లాసు కాకుండా చిన్న చిన్న టీలు, ఒక్కోదానికి రెండు గంటల ఎడం, తెల్లారి పడుకునేవాళ్లయితే మూడింటికల్లా ఆఖరిది. 216 హైవే మీద రొయ్యల లోడుతో వెళ్లే డ్రైవర్లకీ అంతే, ఒక టీ తాగి బండి పక్కకి పెట్టి 20 నిమిషాలు కునుకు తీస్తే, లేచేసరికి కెఫీన్ పని మొదలెడుతుంది, రెండూ కలిసొస్తాయి. కళ్లు మూతలు పడుతుంటే మాత్రం ఏ గ్లాసూ ఆపదు, పడుకోవాల్సిందే.

పోటీ పరీక్షలకి చదివేవాళ్లు పొద్దున్న, మధ్యాహ్నం ఒక్కొక్క టీ, సాయంత్రం కోకో. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూసిన ఒక పరీక్షలో గంటకు పైగా నిద్ర పోయింది, వాళ్లలో కొందరికి తమ నిద్ర తగ్గిన సంగతే తెలియలేదు. చదివింది గుర్తుండేది నిద్రలోనే కాబట్టి రాత్రి కాఫీతో సంపాదించిన గంట లెక్కకి రాదు. ఎవరో ఇచ్చారని నిద్ర రాకుండా చేసే మొడాఫినిల్ మాత్రలు మింగొద్దు, అది కెఫీన్ జాతి కాదు, డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు.

గర్భిణులు రోజు మొత్తానికి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, కాఫీ, టీ, కోకో, కూల్‌డ్రింకు అన్నీ కలిపి. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్లకి 400. డబ్బా పొడులు గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ అసలే వద్దు. గుండె లయ తప్పే జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు ఇది చదివి నిర్ణయం తీసుకోకండి, మీ డాక్టరుని అడగండి.

మారేటప్పుడు

ఒక్కసారి ఆపొద్దు. ఆఖరి గ్లాసు తర్వాత 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, రెండో రోజు ఎక్కువ ఉంటుంది, మనిషిని బట్టి 2 నుంచి 9 రోజులు నడుస్తుంది. కార్తీకమాసం ఉపవాసం రోజు కాఫీ కూడా ముట్టని వాళ్లకి మధ్యాహ్నానికి తల పగిలిపోవడం ఆకలి వల్లే కాదు, ముందు రోజు సాయంత్రం తాగిన కాఫీ అయిపోయింది కాబట్టి కూడా. తలనొప్పి మాత్ర వేసుకునేవాళ్లు దాని వెనక చూడండి, కొన్నిటిలో కెఫీన్ కలిపే ఉంటుంది, మానేశామనుకుంటూ మాత్రలో మింగుతారు.

మొదటి వారం చికోరీ పెంచండి. రెండో వారం సాయంత్రం గ్లాసు తీసేసి కోకో పెట్టండి. మూడో వారం మధ్యాహ్నంది. పొద్దుటి కాఫీ ఉంచుకోవాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు, చాలామందికి ఆ ఒక్కటీ ఏ హానీ చేయదు. ఇంత మెల్లగా తగ్గించినా పది రోజులు దాటి తలనొప్పి అలాగే ఉంటే కాఫీని అనుమానించడం ఆపి బీపీ చూపించుకోండి.